మీకు తెలుసా? నాయకుల పేరుప్రతిష్ఠలకూ కొలత ఉంది!

ఒక దేశ నాయకుడి పేరు సరిహద్దులు దాటి ఎంతదూరం వెళ్లిందో సర్వేలు చెబుతాయి. అమెరికాకు చెందిన ప్యూ రీసెర్చ్ సెంటర్ వివిధ దేశాల ప్రజలను అడిగే ప్రశ్నల్లో ఒకటి ఇది: ప్రపంచ వ్యవహారాల్లో ఈ నాయకుడు సరైన పని చేస్తాడన్న నమ్మకం మీకుందా? 2020లో 13 దేశాల్లో అడిగితే, జర్మనీ ఛాన్సలర్ అంగెలా మెర్కెల్‌పై నమ్మకం ఉందన్నవారు 76 శాతం. అమెరికా అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్‌పై 16 శాతమే. (ఈ రెండూ దేశాల అంకెలను వరుసగా పేరిస్తే నడుమ నిలిచే అంకెలు.) ట్రంప్ పేరు తెలియనివారు అరుదు; అయినా నమ్మినవారు తక్కువ. ఖ్యాతి వేరు, విశ్వాసం వేరు. ఈ తేడా చూడకుండా ‘ప్రపంచ నంబర్ వన్ నాయకుడు’ అని రాసే శీర్షికలను నమ్మకూడదు.

అసలు పేరే వినలేదన్నవారి లెక్క ఇంకా ఆసక్తికరం. 2023లో ప్యూ అడిగినప్పుడు, ప్రధాని నరేంద్ర మోదీ గురించి ఎన్నడూ వినలేదన్న అమెరికన్లు 40 శాతం!

మరో కొలత భాషలది. ఎం.ఐ.టి. మీడియా ల్యాబ్ 2014లో తెచ్చిన ‘పాంథియాన్’ జాబితాలో చోటు దక్కాలంటే, వికీపీడియాలో 25కు మించిన భాషల్లో ఆ వ్యక్తిపై వ్యాసం ఉండాలి. రాజకీయ నాయకులు, కళాకారులు, శాస్త్రవేత్తలు అందరూ కలిపి అలా తేలినవారు 11,341 మంది. ఈ అర్హత లెక్కలో ఇంగ్లిష్ వ్యాసమూ ఒకటే, తెలుగు వ్యాసమూ ఒకటే.