ఆ 39 నిమిషాల గిటార్.. ఫ్యాన్స్‌కు ఎందుకంత కోపం తెప్పించింది?

అమెరికా జాజ్ గిటారిస్ట్ పాట్ మెథెనీ.. మెలోడీకి పెట్టింది పేరు. ఆయన ఖాతాలో 20 గ్రామీ అవార్డులున్నాయి. కానీ 1994లో వచ్చిన ‘జీరో టాలరెన్స్ ఫర్ సైలెన్స్’ ఆల్బమ్ మాత్రం అభిమానులకు పెద్ద షాకిచ్చింది.

ఇంతకీ అందులో ఏముంది?
ఐదు భాగాలు, దాదాపు 39 నిమిషాలు. డ్రమ్స్ లేవు, బేస్ లేదు. డిస్టార్షన్‌తో హోరెత్తే ఎలక్ట్రిక్ గిటారే అంతా. కూనిరాగం తీద్దామన్నా ట్యూన్ దొరకదు.

ఎవరేమన్నారు?
డబ్బులు పెట్టి కొన్న ఫ్యాన్స్‌లో చాలామంది మోసపోయామనుకున్నారు. రికార్డు కంపెనీతో కాంట్రాక్ట్ వదిలించుకోవడానికే ఇలా చేశారనే పుకారూ పుట్టింది. మెథెనీ దాన్ని ఖండించారు. మరోవైపు సోనిక్ యూత్ రాక్ బ్యాండ్ గిటారిస్ట్ థర్‌స్టన్ మూర్ ఇదే ఆల్బమ్‌ను ఆకాశానికెత్తారు.

ఎందుకింత తేడా?
పాట వింటున్నప్పుడు తర్వాతి స్వరం ఏంటో మన మెదడు ముందే ఊహిస్తుంది. ఆ ఊహ కాస్త తప్పితే థ్రిల్. ప్రతిసారీ తప్పితే చిరాకు. మెథెనీ ఫ్యాన్స్ మెలోడీ కోసం వచ్చారు. మూర్ లాంటి వాళ్లకు గిటార్ హోరు కొత్త కాదు, అదే వాళ్ల సంగీతం.

మీరు వినాలనుకుంటే..
వాల్యూమ్ తగ్గించి మొదలుపెట్టండి. ట్యూన్ కోసం వెతక్కండి. శబ్దం ఎక్కడ చిక్కబడుతోంది, ఎక్కడ పలచబడుతోందో గమనించండి. ఐదు నిమిషాల తర్వాత కూడా నచ్చలేదా? ఆపేయండి. నచ్చకపోవడం మీ తప్పు కాదు. అలాగని ఆయన మోసం చేసినట్టూ కాదు.