వర్క్ ఫ్రం హోమ్‌కి రెడీమేడ్ డెస్క్‌టాపా, అసెంబుల్డా?

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. మా ఆవిడ వాడే పాత డెస్క్‌టాప్‌కి విండోస్ 11 ఎక్కదు. ఆమెది మెడికల్ కోడింగ్ కాంట్రాక్టు. ఎన్ని చార్టులు పూర్తిచేస్తే అంత డబ్బు. పాత విండోస్ ఉన్న మెషీన్ మీద పేషెంట్ల రికార్డులు తెరవద్దని, జనవరి నెలాఖరుకల్లా మార్చుకోవాలని క్లయింటు నుంచి మెయిల్ వచ్చింది. దాంతో ప్లేనోలోని మా ఇంట్లో చర్చ మొదలైంది.

పదిహేనేళ్ల మా అబ్బాయిది ఒకటే మాట. ‘‘మనమే బిల్డ్ చేద్దాం నాన్నా, చాలా తక్కువలో వచ్చేస్తుంది.’’ హ్యూస్టన్‌లో ఉండే మా తోడల్లుడూ వాడికే వత్తాసు. ‘‘సీటీసీ రోజులు మర్చిపోయారా అన్నయ్యా?’’ అన్నాడు.

ఎలా మర్చిపోతాను? హైదరాబాద్‌లో మా తరం వాళ్లలో చాలామంది ఇళ్లకు మొదటి కంప్యూటర్ సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ నుంచే వచ్చింది. కాకపోతే అప్పుడు మనం కొన్నది పెట్టె ఒక్కటే కాదు, దాన్ని బిగించిన కుర్రాడు కూడా దాంతోపాటే వచ్చేవాడు. రాత్రి ఫోన్ చేస్తే మర్నాడు బండి మీద వచ్చి, ర్యామ్ ఊడదీసి తుడిచి మళ్లీ పెట్టి, టీ తాగి వెళ్లేవాడు. ప్లేనోలో ఆ కుర్రాడి పని నేనే చేయాలి. నాకూ పొద్దున్నే స్టాండప్ మీటింగ్ ఉంటుంది.

అయినా అబ్బాయి మాట కొట్టిపారేయలేదు. ఓ శనివారం ఇద్దరం డాలస్ మైక్రో సెంటర్‌కి వెళ్లి ధరలు రాసుకున్నాం. వాడి లెక్క ర్యామ్ దగ్గరే తప్పింది. మొన్న వేసవిలో 100 డాలర్ల చుట్టుపక్కల దొరికిన 32 జీబీ డీడీఆర్5 జత డిసెంబరుకి మూడు రెట్లు దాటింది. ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్‌లను ఎగరేసుకుపోతున్నాయి. ఇళ్లలో వాడే క్రూషియల్ బ్రాండు వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు మైక్రాన్ డిసెంబరులో ప్రకటించింది. పెద్ద కంపెనీలు టోకున ముందే కొనిపెట్టుకుంటాయి కాబట్టి రెడీమేడ్ మెషీన్ల మీద ఆ దెబ్బ కాస్త ఆలస్యంగా పడుతోంది.

రెండోది విండోస్ లైసెన్సు. సీటీసీ రోజుల్లో దాని ఊసే ఉండేది కాదు! ఇక్కడ విడిగా కొంటే హోమ్ 139 డాలర్లు, ప్రో 199. హార్డ్ డిస్కును పూర్తిగా మన అదుపులో ఎన్‌క్రిప్ట్ చేసే బిట్‌లాకర్ కావాలంటే ప్రో ఉండాల్సిందే. బిజినెస్ మోడల్ డెస్క్‌టాప్‌లలో చాలావాటికి అది మెషీన్‌తోనే వస్తుంది. ఇక సొంతంగా బిగించుకోవడంలో అసలు లాభం నచ్చిన గ్రాఫిక్స్ కార్డు ఎంచుకోవడంలో ఉంది. చార్టులకు, రెండు మానిటర్లకు ఆ కార్డుతో పనే లేదు.

వారంటీ సంగతి వేరు. విడి భాగాలకే ఎక్కువ కాలం ఉంటుంది. మంచి పవర్ సప్లైకి పదేళ్లు ఇచ్చేవాళ్లూ ఉన్నారు. కానీ ఏ భాగం పోయిందో మనమే కనిపెట్టి, పార్సిల్ చేసి, తిరిగి వచ్చేదాకా ఎదురుచూడాలి. ఆ రోజులన్నీ మా ఆవిడకు జీతం లేని రోజులే. అందుకే టెక్నీషియన్ ఇంటికే వచ్చే మూడేళ్ల వారంటీకి అదనంగా డబ్బు కట్టి, రెడీమేడ్ బిజినెస్ డెస్క్‌టాపే తీసుకున్నాం.

అలాగని రెడీమేడ్ అంతా బంగారం కాదు. చాలా బ్రాండ్లు పవర్ సప్లై, మదర్‌బోర్డు తమ కొలతల్లోనే చేస్తాయి. వారంటీ అయ్యాక పోతే బయట దొరికేవి అందులో ఇమడవు. కొనేముందు రెండో ర్యామ్ స్లాటు ఖాళీగా ఉందో లేదో అడగండి. ఇండియా వెళ్లిపోయే ఆలోచన ఉంటే పవర్ సప్లై లేబుల్ మీద 100-240 వోల్టులని రాసి ఉందా చూడండి. 115 మాత్రమే ఉంటే అక్కడి ప్లగ్గులో పెట్టగానే కాలిపోతుంది.

పన్ను సంగతీ చూసుకోండి. 1099 మీద పనిచేసేవాళ్లు పనికోసం కొన్న కంప్యూటర్‌ని షెడ్యూల్ సిలో ఖర్చుగా చూపించుకోవచ్చు. డబ్ల్యూ-2 ఉద్యోగులకు ఫెడరల్ పన్నులో ఆ వెసులుబాటు 2018 నుంచి లేదు. అంటే మా ఆవిడకి ఉంది, నాకు లేదు.

ర్యామ్ ధరలు దిగాక తన గేమింగ్ పీసీ తనే బిగించుకోవచ్చని అబ్బాయికి మాటిచ్చాను. వాడు కేస్ మాత్రం అప్పుడే కొని గదిలో పెట్టుకున్నాడు. ప్రస్తుతం అందులో క్రికెట్ బంతులున్నాయి.