లోతు నీటి ట్రౌట్ నేర్పే లెక్క

వేసవిలో చెరువులో దిగితే పైనీళ్లు వెచ్చగా, అడుగునీళ్లు చల్లగా తగులుతాయి. మన పిల్లలకు తెలిసిన ఈ సంగతే ఉత్తర అమెరికాలోని సుపీరియర్ సరస్సులో చేపలు పట్టేవారికి దారి చూపుతుంది. దాని గరిష్ఠ లోతు 406 మీటర్లు. అందులోని లేక్ ట్రౌట్‌కు సుమారు 10 డిగ్రీల చల్లని నీరు ఇష్టం. ఎండలకు పైనీరు వేడెక్కితే అది కిందికి దిగుతుంది. అందుకే ముందు ఏ లోతున ఎంత చల్లదనం ఉందో కొలుస్తారు. తర్వాత బరువైన సీసపు గుండు సాయంతో గాలాన్ని అక్కడికి దించి, పడవను మెల్లగా నడుపుతారు.

చల్లని నీటిలో ఈ చేప ఎదుగుదల నెమ్మది. గుడ్లు పెట్టే ఈడు రావడానికి ఏళ్లు పడుతుంది. మితిమీరిన వేటకు తోడు, కాలువల గుండా చొరబడి చేపల రక్తం పీల్చే సముద్రపు లాంప్రే 1950ల కల్లా దాన్ని దాదాపు తుడిచిపెట్టింది. 1958 నుంచి లాంప్రే పిల్లలను వాగుల్లోనే మందుతో చంపుతూ, వేటకు హద్దులు పెట్టి, ట్రౌట్ పిల్లలను వదిలారు. సరస్సులో చాలా భాగం మేర ట్రౌట్ కోలుకుందని ప్రకటించింది 2024లో.

అంటే 66 ఏళ్లు. నీటి ఉష్ణోగ్రత పాఠం చెప్పే రోజున ఈ లెక్కను కూడా పిల్లల చేత వేయించమని ఉపాధ్యాయులను, తల్లిదండ్రులను కోరుతున్నాం.