'డి.ఓ.' కూడా వైద్యుడేనా?

అమెరికాలోని పిల్లల వద్దకు వెళ్ళిన మన పెద్దలకు అక్కడి వైద్యుని పేరు చివర 'ఎం.డి.'కి బదులు 'డి.ఓ.' అని కనబడగానే సందేహం కలుగుతుంది. ఈయన పూర్తి వైద్యుడేనా? నిస్సందేహంగా పూర్తి వైద్యుడే.

ఆస్టియోపతి విధానానికి ఆద్యుడైన డాక్టర్ ఆండ్రూ టేలర్ స్టిల్ 1892లో మిస్సోరీ రాష్ట్రంలోని కిర్క్స్‌విల్‌లో తొలి విద్యాలయాన్ని స్థాపించారు. నేడు ఆ పట్టాకు డిగ్రీ చదువు పిదప నాలుగేళ్ళ వైద్యవిద్య అవసరం. అందులో ఔషధాలు, శస్త్రచికిత్సలతోపాటు ఎముకలను, కండరాలను చేతితో పరీక్షించి సవరించే విద్య కూడా ఉంటుంది. 'కామ్‌లెక్స్' పరీక్షలలో ఉత్తీర్ణులై, రెసిడెన్సీ శిక్షణ పొందితేనే లైసెన్సు. 2020 నుండి ఎం.డి.లకూ, డి.ఓ.లకూ రెసిడెన్సీ గుర్తింపు వ్యవస్థ ఒక్కటే.

బ్రిటన్‌లో మాత్రం ఆస్టియోపత్ అంటే చేతి చికిత్స చేసేవారే. 1993 నాటి చట్టం ప్రకారం వారికి నమోదు తప్పనిసరి అయినా, ఆ అర్హతతో మందులు వ్రాయరాదు. కనుక పేరు ఒక్కటే చాలదు. శిక్షణ ఏమిటో విచారించాలి.

నేను గురుకులంలో గురుముఖతః విద్య నేర్చినవాడను. శిష్యుని యోగ్యత గురువుకు తెలుసు, రోగికి తెలిసేదెలా? లైసెన్సు అందుకే. మన ఆయుర్వేద వైద్యుని రిజిస్ట్రేషను సంఖ్యనూ సంకోచించక అడగండి.