టైప్-డి ఓర్కాలు: అరుదైన జీవిని నిర్ధారించే విధానం

కిల్లర్ వేల్ అని పిలిచే ఓర్కా నిజానికి డాల్ఫిన్ కుటుంబానికి చెందిన జీవి. దీని కంటి వెనుక పెద్ద తెల్ల మచ్చ ఉంటుంది. అయితే 1955లో న్యూజిలాండ్‌లోని పరాపరాఉము తీరానికి కొట్టుకొచ్చిన 17 ఓర్కాలలో ఈ మచ్చ చాలా చిన్నదిగా, తల గుండ్రంగా ఉన్నాయి. ఇది ఒక్క మందలోని జన్యులోపమా, లేక వేరే రకమా? చాలా ఏళ్ల తరువాత హిందూ మహాసముద్రపు దక్షిణాన క్రోజే దీవుల దగ్గర తీసిన ఫొటోలలోనూ ఇవే లక్షణాలు కనిపించాయి. కాబట్టి ఇది ఒక మందకు పరిమితం కాదని తేలింది. ఈ రకానికి టైప్-డి అని పేరు పెట్టారు.

ఇవి తుఫాను గాలులు వీచే దక్షిణ సముద్రాలలో, తీరానికి దూరంగా సంచరిస్తాయి. అందుకే అరుదుగా కనిపిస్తాయి. 2019 జనవరిలో రాబర్ట్ పిట్‌మన్ బృందం చిలీలోని కేప్ హార్న్ దగ్గర, పరిశోధన పడవలో వాతావరణం అనుకూలించే వరకు వారానికి పైగా వేచి ఉంది. గాలాల తాళ్ల నుంచి ఓర్కాలు చేపలు లాక్కుంటున్నాయని జాలర్లు చెప్పిన చోటునే వెతికారు. సుమారు 25 ఓర్కాలు పడవ దగ్గరికి వచ్చాయి. క్రాస్‌బౌతో చిన్న బాణాలు వేసి, వాటికి హాని కలగకుండా మూడు చర్మపు నమూనాలు సేకరించారు.

ఫొటో రూపభేదాన్ని మాత్రమే చూపుతుంది. ఈ సమూహం ఇతర ఓర్కాల నుంచి ఎంతకాలంగా విడిపోయి ఉందో చర్మంలోని డీఎన్ఏ చెబుతుంది. ప్రత్యేక జాతిగా గుర్తించడంలో ఈ ఆధారం చాలా ముఖ్యం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: 1955 నాటి ప్రశ్నకు క్రోజే ఫొటోలు ఎంతవరకు జవాబిచ్చాయి? దేనికి జవాబివ్వలేకపోయాయి?