తాళం తీసిన బీరువా: తరగతి గదిలోనే చిన్న గ్రంథాలయం

చాలా ప్రాథమిక పాఠశాలల్లో కథల పుస్తకాలు ఉన్నాయి. కాకపోతే అవి బీరువాలో ఉంటాయి, బీరువాకు తాళం ఉంటుంది. పుస్తకం చిరిగినా, పోయినా లెక్క చెప్పాల్సి వస్తుందన్న భయమే తరచూ దీనికి కారణం. సమగ్ర శిక్ష పథకంలో పాఠశాల స్థాయిని బట్టి ఏడాదికి రూ.5,000 నుంచి రూ.20,000 వరకు గ్రంథాలయ నిధికి వీలుంది. ఆ డబ్బుతో కొన్న పుస్తకం పిల్లల చేతికి అందితేనే ప్రయోజనం.

2024 అసర్ సర్వే ప్రకారం, గ్రామీణ ప్రభుత్వ పాఠశాలల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 23.4 శాతమే. పుస్తకాలు పెట్టినంత మాత్రాన ఈ అంకె మారదు. చదవడం నేర్పే బోధన కావాలి, నేర్చినదాన్ని రోజూ వాడే అవకాశమూ కావాలి. తరగతి గ్రంథాలయం ఇచ్చేది ఆ అవకాశాన్నే.

చదివేటప్పుడు ఏం జరుగుతుంది?

మాటలు వింటూ పెరిగే పిల్లలకు మాట్లాడటం దానంతటదే వస్తుంది. చదవడం అలా రాదు. చదివేటప్పుడు కన్ను వాక్యం వెంట ఏకధాటిగా కదలదు. ఒకచోట ఆగి, మరోచోటికి గెంతుతుంది. బాగా చదవగలిగేవారిలో ఒక్కో ఆగుదల సుమారు పావు సెకను. కొత్తగా నేర్చుకునేవారు ఎక్కువసార్లు ఆగుతారు, ఎక్కువసేపు ఆగుతారు. పదేపదే చూసిన పదాలను మెదడు ఎడమ అర్ధభాగంలో, వెనుకవైపు ఉన్న ఒక ప్రాంతం క్రమంగా చూడగానే గుర్తుపట్టడం మొదలుపెడుతుంది. కూడబలుక్కునే శ్రమ తగ్గినకొద్దీ దృష్టి అర్థం మీదికి మళ్లుతుంది.

తెలుగులో ఈ సాధన అవసరం ఇంకా ఎక్కువ. వర్ణమాల వచ్చినా గుణింతాలు, వత్తులు కలిసి వందలాది రూపాలు ఎదురవుతాయి. తెలుగుకు దగ్గరి లిపి అయిన కన్నడపై సోనాలి నాగ్ చేసిన పరిశోధనల్లో, అక్షరాలపై పట్టు చిక్కడానికి పిల్లలకు కొన్నేళ్లు పడుతుందని తేలింది. ‘జ్యోత్స్న’లోని ‘త్స్న’ వంటి రూపం ఒక్క పాఠ్యపుస్తకంలో ఎన్నిసార్లు కనిపిస్తుంది? రకరకాల పుస్తకాలు చదివితేనే అలాంటివి అలవాటవుతాయి.

అట్ట కనబడాలి

పిల్లల బొమ్మల పుస్తకాలు ఎక్కువగా పలుచనివి, పిన్నులు కొట్టినవి. నిలువుగా పేరిస్తే పేరు కూడా కనిపించదు. గోడకు రెండు మేకులు కొట్టి, తాడు కట్టి, బట్టలకు పెట్టే క్లిప్పులతో వేలాడదీస్తే అట్టలన్నీ కనిపిస్తాయి. తరగతిలో అందరికన్నా పొట్టి బిడ్డకు చేయి అందే ఎత్తులో తాడు ఉండాలి. ఒకేసారి 15, 20 పుస్తకాలు చాలు. రెండు వారాలకోసారి మార్చితే కొత్తదనం పోదు. కింద చాప పరిస్తే కూర్చుని చదువుకునే చోటు సిద్ధం.

వెలుతురు కావాలి గానీ, నేరుగా ఎండ పడకూడదు. అతినీలలోహిత కిరణాలకు రంగులు వెలుస్తాయి, కాగితంలోని లిగ్నిన్ వల్ల పేజీలు పసుపెక్కుతాయి. వానాకాలంలో చెమ్మ గోడకు పుస్తకాలను ఆనించకూడదు. తేమ ఉన్నచోట బూజు, సిల్వర్‌ఫిష్ పురుగులు చేరతాయి. అప్పుడప్పుడూ నీడలో, గాలికి ఆరబెడితే మేలు. పిల్లలు ముట్టుకునేచోట నాఫ్తలీన్ ఉండలు వద్దు. వాటిని మింగితే ప్రమాదం. జీ6పీడీ ఎంజైమ్ లోపం ఉన్న పిల్లల్లో అవి ఎర్ర రక్తకణాలను దెబ్బతీయగలవు.

ఎలాంటి పుస్తకాలు?

ఒకే తరగతిలో అందరి చదువూ ఒక స్థాయిలో ఉండదు. మాటల్లేని బొమ్మల పుస్తకాలు, పేజీకి ఒక వాక్యం ఉన్నవి, పెద్ద కథలు, పొడుపుకథలు, సైన్సు పుస్తకాలు కలిపి ఉంచాలి. వత్తులు వరుస కిందికి దిగుతాయి కాబట్టి పెద్ద అచ్చు, వరుసల మధ్య తగినంత ఖాళీ ఉన్నవి ఎంచుకోవాలి. ఇంట్లో కోయ, గోండి, సవర, లంబాడీ మాట్లాడే పిల్లలుంటే, వారు చెప్పిన కథలనే రాసి, బొమ్మలు వేయించి పుస్తకంగా కుట్టవచ్చు.

నేషనల్ బుక్ ట్రస్ట్, మంచి పుస్తకం వంటి సంస్థల పుస్తకాలు తక్కువ ధరకు దొరుకుతాయి. ప్రథమ్ బుక్స్ 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్‌లోని తెలుగు కథలను ఉచితంగా దించుకుని అచ్చు వేసుకోవచ్చు.

పుస్తకం ఎంపిక పిల్లలకే వదలాలి. పేజీలో తెలియని ప్రతి పదానికి ఒక వేలు మడవమంటే, ఐదు వేళ్లూ ముడుచుకున్న పుస్తకం ప్రస్తుతానికి కష్టమని వారికే తెలుస్తుంది. రోజూ కాసేపు టీచర్ బిగ్గరగా చదివి వినిపించాలి, చదివాక ప్రశ్నల పరీక్ష పెట్టకూడదు. ఇచ్చిపుచ్చుకునే రిజిస్టరును పిల్లలే రాయగలరు.

గణితం బోధిస్తూ గ్రంథాలయ రంగంలోకి వచ్చిన ఎస్.ఆర్.రంగనాథన్, 1931లో ప్రకటించిన ఐదు సూత్రాల్లో వాడకానికే మొదటి స్థానం ఇచ్చారు. ఒకప్పుడు ఐరోపాలో పుస్తకాలను గొలుసులతో కట్టేసిన సంగతిని ఆ సందర్భంలోనే చర్చించారు. మన బీరువా తాళం ఆ గొలుసుకు చుట్టమే. ఏడాది చివర లెక్క చూసేటప్పుడు నలిగిన పుస్తకాలను నష్టం కింద రాయకుండా, నలగని పుస్తకాన్ని పిల్లలెందుకు ముట్టుకోలేదో ఆరా తీయడం మంచిది.