కాళ్ళు గుంజే రాత్రులు: ఏ మందుతో ఎంత మేలు, ఎంత కీడు?

మణుగూరు ఓపెన్‌కాస్ట్ గనిలో షిఫ్టు దిగి పినపాక వైపు ఊళ్ళకు చేరేవాళ్ళు, పగలంతా మిరప చేలో వంగి కాయలు కోసిన ఆడవాళ్ళు రాత్రి ‘పిక్కలు గుంజుతున్నయి’ అంటే ఎవరూ ఆశ్చర్యపోరు. చాలామందికి అది ఒంటి అలసట, తెల్లారేసరికి పోతుంది. కొందరికి మాత్రం ఏ పనీ చేయని రోజు కూడా చీకటి పడగానే కాళ్ళలో ఏదో పాకినట్టు, లోపలి నుంచి లాగినట్టు ఉంటుంది. కదిపితే తగ్గుతుంది, ఆపితే మళ్ళీ మొదలు. లేచి వాకిట్లో తిరిగితే తప్ప నిలవలేరు. దీన్నే వైద్యులు రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్ అంటారు.

ఇంగ్లండు వైద్యుడు థామస్ విల్లిస్ 1672లోనే ఇలాంటి రోగుల గురించి రాశాడు. 1945లో స్వీడన్ వైద్యుడు ఎక్‌బామ్ దీన్ని వివరంగా వర్ణించి పేరు పెట్టాడు. బెంగళూరులో జరిగిన సర్వేలో నూటికి ఇద్దరిలో ఇది కనిపించింది. గర్భిణుల్లో, కిడ్నీలు దెబ్బతిన్నవారిలో, రక్తం తక్కువగా ఉన్నవారిలో మరీ ఎక్కువ. నాలుగు గుర్తులు చూడాలి: కాళ్ళు కదపాలన్న తహతహ, విశ్రాంతిలో ఎక్కువ కావడం, కదిపితే తగ్గడం, సాయంత్రం నుంచి ముదరడం. పిక్క గట్టిగా ముద్దకట్టి నొప్పి పుడితే అది కండరం పట్టేయడం. షుగర్ ఉన్నవారికి పగలూ రాత్రీ అరికాళ్ళు మండుతుంటే నరాల దెబ్బ కావచ్చు. ఆ రెంటికీ వైద్యం వేరు.

మొదట చూడాల్సింది ఇనుము

మెదడులో డోపమైన్ అనే రసాయనం తయారు కావడానికి ఇనుము కావాలి. ఈ జబ్బున్న చాలామందిలో మెదడుకు చేరే ఇనుము చాలదు. హిమోగ్లోబిన్ బాగున్నంత మాత్రాన ఒంట్లో ఇనుము నిల్వ బాగున్నట్టు కాదు. దాన్ని చెప్పేది ఫెర్రిటిన్ పరీక్ష. మామూలు మనిషికి ఫర్వాలేదనిపించే అంకె కూడా ఇక్కడ చాలదు. మిల్లీలీటరు రక్తంలో 75 నానోగ్రాములు, అంతకంటే తక్కువ ఉంటే ఇనుము ఇవ్వడం గురించి ఆలోచిస్తారు. ఒక మెలిక ఉంది. మలేరియా లాంటి జ్వరంలో ఫెర్రిటిన్ దొంగగా పెరిగి కనిపిస్తుంది. కాబట్టి జ్వరం తగ్గాకే పరీక్ష చేయించాలి.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15–49 ఏళ్ళ స్త్రీలలో 57.6 శాతానికి రక్తహీనత. అంటే ఆశా కార్యకర్త ఇచ్చే ఎర్ర ఇనుము మాత్రే కొందరి నిద్ర సమస్యకూ మందు కావచ్చు. కడుపులో మంట, మలబద్ధకం, నల్లని మలం దాని ఇబ్బందులు. టీతో వేసుకుంటే ఒంటికి పట్టదు. గుణం కనిపించడానికి వారాలు, నెలలు పడుతుంది. తలసీమియా, సికిల్ సెల్ ఉన్న కుటుంబాలవారు మాత్రం పరీక్ష లేకుండా నెలల తరబడి ఇనుము మింగకూడదు. వారిలో రక్తం తక్కువైనా ఇనుము నిల్వ ఎక్కువే ఉండవచ్చు.

ఇప్పటికే వేసుకుంటున్న మాత్రలూ చూసుకోవాలి. వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్, జలుబు మాత్రల్లోని క్లోర్‌ఫెనిరమైన్, నరాల నొప్పికి రాసే అమిట్రిప్టిలిన్ ఈ బాధను పెంచగలవు. రాత్రి తాగే సారా కూడా అంతే. వైద్యుడు చీటీలో ఒక మాత్ర కొట్టేస్తేనే నిద్రపట్టిన సందర్భాలుంటాయి.

దూలగొండి గింజలో ఉన్నది

అడవి అంచు ఊళ్ళలో దూలగొండి తీగ తెలియనివారుండరు. కాయ మీది గోధుమరంగు నూగు తగిలితే ఒళ్ళంతా ఒకటే దురద. లోపలి నున్నని గింజలో నూటికి నాలుగైదు పాళ్ళు లెవోడోపా ఉంటుంది. 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే శాస్త్రవేత్తలు ఆ గింజల నుంచి దీన్ని వేరుచేశారు. మెదడులో డోపమైన్‌గా మారే ఈ పదార్థమే తరువాత పార్కిన్సన్స్ జబ్బుకు ప్రధాన ఔషధమైంది. కాళ్ళ గుంజుడుకూ వాడారు. మొదటి రాత్రే హాయిగా నిద్రపట్టింది.

అసలు చిక్కు తరువాత మొదలైంది. ఇది అధిక వడ్డీకి తెచ్చిన అప్పు లాంటిది. రాత్రి తొమ్మిదికి వచ్చే బాధ ఆరింటికే వస్తుంది, ఆపైన మధ్యాహ్నానికే. కాళ్ళ నుంచి చేతులకు పాకుతుంది. మోతాదు పెంచితే కొన్నాళ్ళు తగ్గి, మళ్ళీ అంతకు మించి వస్తుంది. 1996లో అమెరికాలో ప్రచురితమైన ఒక అధ్యయనంలో లెవోడోపా వాడిన ప్రతి పదిమందిలో ఎనిమిది మందికి ఇలా జరిగింది. ‘చెట్టు మందే కదా’ అని దూలగొండి పొడి రోజూ తినేవారు మింగుతున్నది కూడా లెవోడోపానే. మోతాదు ఎంతో తెలియకపోవడం అదనపు చిక్కు.

పాత మందు, కొత్త తూకం

లెవోడోపా తరువాత, డోపమైన్‌లా పనిచేసే రోపినిరోల్, ప్రమిపెక్సోల్ వచ్చాయి. వాటికీ ఇదే గుణం, కాకపోతే నెమ్మదిగా. పైగా కొందరిలో జూదం, అదుపులేని కొనుగోళ్ళ పిచ్చి పుడుతుంది. పేకాటకు ఎగబడే మనిషిని ఇంట్లోవాళ్ళు తిడతారు గానీ మాత్రను అనుమానించరు. ఉన్నట్టుండి కునుకు ముంచుకురావడమూ ఉంది. డంపర్ నడిపేవారికి అది ప్రాణాంతకం.

2014లో వెలువడిన, 719 మందిపై ఏడాదిపాటు సాగిన పరిశోధనలో నరాల నొప్పికి వాడే ప్రెగాబలిన్‌ను ప్రమిపెక్సోల్‌తో పోల్చారు. బాధ ఎదురుతిరిగి ముదిరింది ప్రెగాబలిన్ వాడినవారిలో 2.1 శాతానికి, ప్రమిపెక్సోల్ వాడినవారిలో మోతాదును బట్టి 5.3, 7.7 శాతానికి. 2025లో అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ గబాపెంటిన్, ప్రెగాబలిన్‌లను గట్టిగా సిఫారసు చేసింది. ఇనుము తక్కువైనవారికి రక్తనాళం ద్వారా ఇచ్చే ఇనుమునూ అలాగే సిఫారసు చేసింది. డోపమైన్ మందులను మామూలుగా వాడవద్దంది.

అలాగని ప్రెగాబలిన్‌కు వంక లేకపోలేదు. ఆ పరిశోధనలో దాన్ని వాడిన ఐదుగురిలో ఒకరికి తల తిరిగింది, కొద్దిమందికి చచ్చిపోవాలన్న ఆలోచనలు వచ్చాయి. మత్తు, ఒళ్ళు పెరగడం, కాళ్ళ వాపు ఉంటాయి. ఇది మూత్రంలోనే పోతుంది కాబట్టి కిడ్నీ జబ్బున్నవారికి మోతాదు తగ్గించాలి. మద్యంతో కలిస్తే ఊపిరికే ముప్పు.

కాబట్టి వారానికో రాత్రి గుంజితే నడక, పిక్కలు రుద్దుకోవడం, ఇనుము సరిచూసుకోవడం చాలు. వారంలో ఎక్కువ రాత్రులు నిద్ర చెడి పగటి పని దెబ్బతింటేనే రోజువారీ మందు లాభదాయకం. ఇప్పటికే డోపమైన్ మాత్ర వాడుతున్నవారు ఇది చదివి ఒక్కసారిగా మానేయొద్దు, బాధ విపరీతమవుతుంది. వాడే మాత్రల అట్టలన్నీ, పొడుల డబ్బాలతో సహా, వైద్యుడికి చూపించండి. కొత్త మందు రాస్తే దానివల్ల ఏ ఇబ్బంది రావచ్చో, ఎన్నాళ్ళు వాడాలో, ఎలా మానాలో అడిగి తెలుసుకున్నాకే మొదటి మాత్ర వేసుకోండి.